వేలెడు ప్లాస్టిక్

బూట్ల మేస్త్రికి మనుషుల మొహాలు గుర్తుండవు, పాదాలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా ఆగి "బాగున్నారా మేస్త్రి గారూ" అంటే ముందు కిందికి చూస్తాడు. బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చిన పాదమైతే పంతులుగారు, అరికాలు పలకలా ఉంటే బ్యాంకు గుమాస్తా అని తేల్చుకుని, అప్పుడు తలెత్తి నవ్వుతాడు. ఆ నవ్వు కూడా పొదుపుగానే. ముప్పై ఎనిమిదేళ్ళుగా తోలు కోసి, కొయ్య అచ్చు మీద బిగించి, కుట్టి, మడమలు కొట్టి బూట్లు చేస్తున్న ఈ మనిషి ఇంకొకడి పనిని బాగుందన్న పాపాన పోలేదు. పక్కవీధి దర్జీ కుట్టేవి ఆయన లెక్కలో గోనెసంచులు. తన ఇంటి తలుపులు చేసిన వడ్రంగి చెక్క మీద పగబట్టినవాడు. భార్య వంట మీద మాత్రం అభిప్రాయం బయటపెట్టడు, ఎందుకంటే అలాంటి అభిప్రాయాల మీద ఆవిడకున్న అభిప్రాయం ఇంకా గట్టిది.

వీధివైపు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. దుకాణంలో కిటికీ కింద పొట్టి బల్ల, గోడ పొడుగునా కొయ్య అచ్చులు, మూలన ఒక అర. ఆ అర ఆయనకు న్యాయస్థానం లాంటిది. కొన్న బూట్లను నీళ్ళలో నానబెట్టి, పొయ్యి పక్కన ఎండబెట్టి, ఇష్టమొచ్చిన చోట కోసుకుని, ఆపైన "మీ కుట్టు ఊడిపోయింది మేస్త్రి గారూ" అంటూ వచ్చినవాళ్ళ జోళ్ళన్నీ అక్కడ వరసగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటీ తీసి చూపించి, ఎవరు ఏ నేరం చేశారో, చేసి ఎంత నంగనాచిలా మాట్లాడారో వివరిస్తాడు. బూటు కొనడానికి వచ్చినవాడు అరగంట నేరచరిత్ర వినాల్సిందే.

ఇలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఉండగా ఎడమ చేతిలోంచి చెంబు జారింది. వంగి తీద్దామనుకుంటే ఎడమ కాలు తనది కానట్టు ఊరుకుంది. పక్షవాతమన్నారు. ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. చెయ్యి నెమ్మదిగా చాలావరకు తిరిగొచ్చింది, పట్టు మాత్రం తగ్గింది. మాటకు ఏమీ కాలేదు. అది మీ అదృష్టమని డాక్టర్లు ఇంట్లోవాళ్ళతో అన్నారు. ఇంట్లోవాళ్ళు కాసేపు ఆలోచించి అవునన్నారు.

రానిది పాదం ఒక్కటే. నిలబడితే వేళ్ళు కిందికి వాలి, పాదం మొత్తం లోపలివైపు తిరిగి, అంచు మీద ఆనుతుంది. అడుగు తియ్యాలంటే తుంటిని ఎత్తి, కాలిని అర్ధచంద్రాకారంలో తిప్పి పడెయ్యాలి. ఊరందరి నడకలకూ వంకలు పెట్టిన మేస్త్రి, గుమ్మం నుంచి మంచందాకా తన నడకను అద్దంలో చూసుకుని, ఆ అద్దాన్ని గోడవైపు తిప్పించాడు. ఆయనకు కావలసింది పెద్దదేమీ కాదు. పొద్దున్నే ఒకరి చెయ్యి పట్టుకోకుండా మంచం దగ్గర్నుంచి దుకాణంలో బల్లదాకా నడిచి వెళ్ళి కూర్చోవాలి. అంతే. ఆ ఇరవై రెండు అడుగులు నడవలేకపోతే బతికి ఏం లాభమని భార్యతో రోజూ అనేవాడు. రోజూ వినేది ఆవిడే కాబట్టి అనడం తేలిక.

ఎముకల డాక్టరు పాదాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిక్క కండరం బిగుసుకుపోయి మడమను పైకి లాగేస్తోంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి బ్రేస్. పిక్క నుంచి వేళ్ళదాకా ప్లాస్టిక్ తొడుగు. వేసుకున్నంతసేపు పాదాన్ని తిన్నగా పట్టుకుంటుంది. రెండోది ఆపరేషన్. మడమ వెనక తాడులా ఉంటుంది చూడండి, దాన్ని కాస్త పొడుగు చేస్తాం. పాదాన్ని లోపలికి లాగే తాడులో సగం తీసి బయటివైపు కడతాం. ఆరు వారాలు పిండికట్టు, ఆ తర్వాత నడక మళ్ళీ నేర్చుకోవాలి. కొంతమందికి బ్రేస్ అవసరం తీరిపోతుంది. కొంతమందికి తీరదు."

"మరి నాకేది?" అన్నాడు మేస్త్రి.

"మీ పాదం చేత్తో లాగితే ఇంకా మాట వింటోంది. అందుకని ముందు మూడు నెలలు బ్రేస్. అది పట్టి ఉంచలేకపోతే అప్పుడు కత్తి."

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంట్లో గొడవకు తావుండకూడదు. కానీ ఇంట్లో బావమరిది ఉన్నాడు. ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే దుకాణం అతనిది. పాడైన సామాను బాగుచెయ్యడమంటే అతనికి గిట్టదు, మార్చిపారెయ్యాల్సిందే. రెండేళ్ళ కిందట కడుపులో రాళ్ళు తీయించుకున్నప్పటినుంచి ఆపరేషన్ల మీద గురి కుదిరింది. తలనొప్పి అన్నవాడికి కూడా ఆపరేషన్ చేయించుకోమని చెప్పగలడు.

"బావా, జీవితాంతం ఆ ప్లాస్టిక్ డబ్బాలో కాలు పెట్టుకుని తిరుగుతావా? ఒక్కసారి కోయించేస్తే పీడా పోతుంది."

"కోసేది నీ కాలైతే నేనూ అలాగే చెప్తాను," అన్నాడు మేస్త్రి.

"వాడి మాటకేంగానీ, బ్రేసే మంచిది," అంది ఆవిడ. ఆవిడకు కత్తి అంటే భయం. దానికితోడు ఆరు వారాల పిండికట్టంటే ఆ ఆరు వారాలూ ఎవరు ఎత్తి కూర్చోబెట్టాలో కూడా ఆవిడకు తెలుసు. ఆ సంగతి మిగతా ఇద్దరికీ తట్టలేదు, తట్టాల్సిన అవసరమూ వాళ్ళకు కనపడలేదు.

బ్రేస్‌లు తయారుచేసే గది ఆసుపత్రి వరండా చివర ఉంది. అక్కడ పనిచేసేది పాతికేళ్ళ అమ్మాయి. చేతుల నిండా తెల్లటి పిండి, జేబులో కొలత టేపు. మేస్త్రి కాలికి తడి పట్టీలు చుట్టి అచ్చు తీసింది. పాదం అచ్చు తియ్యడం ముప్పై ఎనిమిదేళ్ళుగా తన పని. తన కాలే ఇంకొకరి చేతిలో అచ్చవుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"మడమ దగ్గర గాలి వదిలేశావు," అన్నాడు.

"లేదండీ, సరిగ్గానే ఉంది."

"వయసులో అందరికీ సరిగ్గానే ఉంటుంది."

వారం తర్వాత బ్రేస్ వచ్చింది. తెల్లగా, మందంగా, పిక్కను వెనకనుంచి పట్టుకుని, చీలమండ దగ్గర రెండు వైపులా రెక్కల్లా ముందుకొచ్చి, అరికాలి కిందుగా వేళ్ళదాకా. పట్టీలు మూడు. ఆ అమ్మాయి రెక్కల మీద వేలు పెట్టి మరీ చెప్పింది. "ఈ అంచులు చీలమండ ముందుకు రావాలండీ. దీని బలమంతా ఇక్కడే. ఇది వంగకూడదు."

మేస్త్రి తల ఊపాడు. లోపల మాత్రం జాలిపడ్డాడు. బూటు చీలమండ దగ్గర వంగాలి, వంగనిది బూటు కాదు, తొట్టి! ఇది ఆయనకు చిన్నప్పుడు తండ్రి చేతి దెబ్బలతో వచ్చిన చదువు. ఈ పిల్లకు ఎవరూ దెబ్బలు వేసి చెప్పినట్టు లేదనుకున్నాడు.

బ్రేస్ వేసుకుని నిలబడితే పాదం నిజంగానే తిన్నగా ఉంది. మొదటిరోజే గోడ పట్టుకుని ఆరడుగులు వేశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. సంతోషపడాల్సిన మనిషి మొహం మాడ్చుకున్నాడు, ఎందుకంటే ఆ తొడుగు ఆయన బూటులో దూరలేదు. ఎడమ కాలికి రెండు సైజులు పెద్దదైన గుడ్డ బూటు వేసుకోవాలి. బజారుది, మిషను మీద చేసినది! కుడి కాలికి తను చేసుకున్న గోధుమరంగు తోలు బూటు, ఎడమ కాలికి పడవంత గుడ్డ సంచి. వీధి గుమ్మంలో అలా కూర్చుంటే పంతులుగారు వచ్చి ఆప్యాయంగా అడిగాడు: "ఇది కూడా మీరు చేసిందేనా మేస్త్రి గారూ?"

పాపం, పంతులుగారికి ఏ చెడు ఉద్దేశమూ లేదు. కానీ ఆ ఒక్క మాటతో మేస్త్రికి మూడు రోజులు అన్నం సహించలేదు.

నాలుగోరోజు ఆవిడ బజారుకెళ్ళింది. మేస్త్రి కర్ర ఊతంతో దుకాణంలోకి జరిగి, బల్ల ముందు కూర్చుని, బ్రేస్‌ను మోకాళ్ళ మధ్య బిగించుకుని, తోలు కత్తి పదును చూసుకున్నాడు. చీలమండ దగ్గర రెండు రెక్కలనూ వేలెడు వెడల్పున కోసేశాడు. కోసిన అంచును నున్నగా గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఇంకాస్త పల్చన చేసి, చివరికి గుడ్డతో మెరుగుపెట్టాడు. పని చూస్తే కళ్ళకద్దుకోవాలి, అంత నైపుణ్యం. ఎడమ చేతిలో పట్టు సగమే ఉన్నా గీత ఎక్కడా వంకర పోలేదు. తుక్కును తోలు ముక్కల్లో కలిపేశాడు. ఇప్పుడు బ్రేస్ గోధుమరంగు బూటులో మర్యాదగా దూరింది. చీలమండ దగ్గర చక్కగా వంగింది కూడా.

"ఇదీ పనంటే," అన్నాడు పైకే. గదిలో ఎవరూ లేరు కాబట్టి ఎవరూ కాదనలేదు.

"అదేంటండీ, ఈ బూటు ఎలా పట్టింది?" అంది ఆవిడ సాయంత్రం.

"కాలి వాపు తగ్గింది."

ఆవిడ నమ్మింది. భర్త మాట నమ్మడం ఆవిడకు ఎప్పుడో పడిపోయిన అలవాటు, ఇప్పుడు మానుకునే వయసు కాదు.

రెండు రోజులు దర్జాగా నడిచాడు. మూడోరోజు పొద్దున్న స్నానాల గది గుమ్మం దగ్గర, పాదం ఎప్పటిలా లోపలికి తిరగబోయింది. పట్టి ఆపాల్సిన రెక్కలు లేవు. ప్లాస్టిక్ మేస్త్రి కోరుకున్నట్టే వంగింది. ఆయన పక్కకు ఒరిగిపోతుంటే ఆవిడ పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. మనిషి బరువంతా ఆ చేతి మీద పడింది. ఆయనకు మోచెయ్యి గీరుకుంది. ఆవిడ మణికట్టు విరిగింది.

పిండికట్టు వేయించుకుని వచ్చిన ఆవిడ మంచం మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది. భర్తను కాదు, ఆ బ్రేస్ చేసిన అమ్మాయిని. "దాని చేతులు పడిపోను! మనిషి ప్రాణంతో ఆటలా? చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా?" మేస్త్రి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. చెప్పాల్సిన మాట గొంతులోకి వచ్చింది. చెప్తే ఆ పిండికట్టు తను వేయించినట్టే. కాస్త ఆగి, ఆవిడ కోపం తగ్గాక చెబుదామనుకున్నాడు. ఆవిడ కోపం తగ్గే రకం కాదని పెళ్ళైన ఏడాదే తెలిసినా ఆ పూట మర్చిపోయాడు.

మర్నాటికి ఆలస్యమైపోయింది. బావమరిది ఆసుపత్రికి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకంలో ఒకటిన్నర పేజీ రాసి వచ్చాడు.

"నేను చెప్పలేదా బావా? ప్లాస్టిక్ ప్లాస్టికే. వారానికే అరిగి పల్చబడిపోయింది. లేకపోతే నీ బూటులో ఎలా దూరుతుంది? డాక్టరుతో మాట్లాడాను. బ్రేస్ పనిచెయ్యకపోతే ఆపరేషనే అన్నాడు. తారీకు కూడా ఇచ్చేశాడు. ఆ బ్రేస్ ఏదీ? తీసుకురమ్మన్నాడు."

"కోపమొచ్చి చెత్తలో పారేశాను," అన్నాడు మేస్త్రి.

పారెయ్యలేదు. దుకాణంలో కొయ్య అచ్చుల పెట్టె అడుగున దాచాడు. ఎంతైనా తన చేతిపని.

ఆ తర్వాతి రోజుల్లో మేస్త్రి మనసు ఒక లెక్క వేసుకుంది. ఆపరేషన్ అయితే పాదం బాగైపోతుంది. పాదం బాగైతే బ్రేస్ సంగతి ఎవరూ ఎత్తరు. ఎవరూ ఎత్తకపోతే తను కోసినట్టే కాదు. ఎంత చక్కటి లెక్క! నోరు విప్పి ఒక్క ముక్క చెప్పడం కంటే మత్తుమందు పుచ్చుకుని, కాలు కోయించుకుని, ఆరు వారాలు పిండికట్టులో పడి ఉండడం ఆయనకు సులువుగా తోచింది. ఇంతకాలం ఊళ్ళోవాళ్ళ నేరాలు అరలో పెట్టి చూపించిన పెద్దమనిషి మరి.

ఇంట్లో పనంతా ఆవిడ ఒంటిచేత్తో చేస్తోంది. కూర తరిగేటప్పుడు కాయను పిండికట్టుతో అదిమిపట్టి తరిగేది. తరుగుతూ ఆ అమ్మాయిని తిట్టేది. భోజనం పెడుతూ తిట్టేది. మేస్త్రి ఆ తిట్లతోపాటే అన్నం మింగేవాడు.

ఆపరేషన్‌కు ముందు సంతకాల కోసం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, బావమరిది కాగితాలు తేవడానికి వెళ్ళాడు. ఆవిడ మంచినీళ్ళకు వెళ్ళింది. మేస్త్రి ఒక్కడే ఉన్నప్పుడు ఎదురుగా రెండు పాదాలు వచ్చి ఆగాయి. పిండి మరకలున్న నల్ల చెప్పులు. తలెత్తకముందే ఎవరో తెలిసిపోయింది.

"మేస్త్రి గారూ, మీరు పడిపోయారని తెలిసింది. నన్ను క్షమించండి," అంది ఆ అమ్మాయి.

మేస్త్రి కర్రను దగ్గరికి లాక్కున్నాడు.

"మీకు బరువు అనిపించకూడదని పల్చటి షీటు వాడానేమో. రోజూ అదే ఆలోచిస్తున్నాను. విచారణ తేలేదాకా పక్షవాతం కాళ్ళ జోలికి వెళ్ళొద్దన్నారు నన్ను. మెడపట్టీలు చేస్తున్నాను. దాందేముంది, పర్లేదు. ఒక్కటే అడుగుదామని వచ్చాను. ఆ బ్రేస్ నిజంగా పారేశారా? ముక్కైనా దొరికితే ఎక్కడ వంగిందో చూస్తాను. ఇంకొకరు పడకుండా ఉంటారు కదా."

మేస్త్రి ఆ చెప్పులనే చూస్తూ ఉండిపోయాడు. పాడైన జోడు పట్టుకుని ఎంతమంది వచ్చారు తన దగ్గరికి! ఒక్కరినైనా ఎక్కడ నొప్పి పెట్టిందని అడిగాడా? తన పనిలో తప్పుందేమోనని ఒక్కసారైనా అనుకున్నాడా? ఈ పిల్ల చెయ్యని తప్పుకు నిద్ర పాడుచేసుకుంటోంది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఇంత సిగ్గు పాదం వంకరపోయినప్పుడు కూడా కలగలేదు.

అయినా చెప్పలేదు! "దొరికితే చూస్తాలే" అని గొణిగాడు. ఆ అమ్మాయి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

లోపల డాక్టరు బల్ల మీద కాగితం పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. "ఒకసారి చదువుకోండి."

మేస్త్రి చదివాడు. పేరు, వయసు, ఏ కాలు. దాని కింద: బ్రేస్ వాడి చూశారు, ఫలితం లేదు. ఆ పంక్తి కిందే సంతకం పెట్టాలి. పక్కన ఆవిడ పిండికట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక బావమరిది నిలబడి, అదిగో అక్కడ, అదిగో ఆ గీత మీద, అంటున్నాడు.

"ఈ పంక్తి కొట్టెయ్యండి," అన్నాడు మేస్త్రి.

"ఏ పంక్తి?"

"ఫలితం లేదన్నది. ఫలితం ఉంది. నేనే కోసేశాను."

డాక్టరు కాగితం మీంచి తలెత్తాడు.

"కోసేశారా? ఏం కోశారు?"

"రెక్కలు. చీలమండ దగ్గర. రెండువైపులా వేలెడు. నా బూటులో పట్టలేదని కోశాను. ఆ అమ్మాయి వంగకూడదని చెప్పింది. బూటన్నాక వంగాలని నేను వంగేలా చేశాను. బ్రేస్ నా దగ్గరే ఉంది. పారెయ్యలేదు."

డాక్టరు పెన్ను వెనక్కి తీసుకుని మూత పెట్టాడు. ఆయనకు కోపం రావడం మేస్త్రి అప్పుడే చూశాడు. "ఎల్లుండి నేను మీ కాలు కోసేవాణ్ణి. మీరు దానికి ఒప్పుకుని కూర్చున్నారు. ఎందుకు? మీరు చేసిన పని చెప్పడానికి మొహమాటపడి!"

"అవునండీ."

"బావా, పోనీలే," అన్నాడు బావమరిది, తారీకు చేజారిపోతుంటే చూడలేక. "ఎలాగూ ఇంతదూరం వచ్చాం..."

"నువ్వు ఊరుకోరా," అంది ఆవిడ. అప్పటిదాకా ఆవిడ అన్న మాట అదొక్కటే.

డాక్టరు పాదాన్ని మళ్ళీ పట్టుకుని పైకి లాగి చూశాడు. కాస్త బిగిసింది గానీ ఇంకా లొంగుతోంది. ఇంకో బ్రేస్ చేయిస్తాననీ, దాన్ని కత్తి పెట్టకుండా మూడు నెలలు వాడాలనీ, అప్పటికీ పాదం ఆగకపోతే ఆపరేషన్ ఎటూ పారిపోదనీ చెప్పాడు. ఫిర్యాదు పుస్తకంలో జరిగింది రాసి సంతకం పెట్టి వెళ్ళమన్నాడు. మేస్త్రి ఆపరేషన్‌కు పెట్టాల్సిన సంతకం అక్కడ పెట్టాడు. ఒకటిన్నర పేజీ కింద ఆయన రాసింది రెండే వరసలు.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆవిడ మాట్లాడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు బాగుండేది.

"నా చెయ్యి విరిగింది, సరే. అది మీ కోసమే కదా అనుకుంటాను. కానీ నెలరోజులు ఆ పిల్లని తిట్టానండీ. పొద్దునా సాయంత్రం తిట్టాను. దాని చేతులు పడిపోవాలన్నాను. మీరు పక్కనే కూర్చుని విన్నారు. అన్నం తింటూ విన్నారు. ఒక్కసారైనా ఊరుకోవే అనలేదు."

"తప్పైపోయింది."

"నాకెందుకు చెప్తారు? అదిగో ఆ చివరి గది. వెళ్ళి దానికి చెప్పండి."

"పద, వెళ్దాం."

"నేను రాను. మీరే వెళ్ళండి."

కాలికి బ్రేస్ లేదు. చేతిలో కర్ర మాత్రం ఉంది. వరండా పొడుగునా బెంచీల మీద మనుషులు. మేస్త్రి లేచాడు. తుంటి ఎత్తి, కాలిని తిప్పి, పడేసి, మళ్ళీ కర్ర వేసి. పాదం అంచు నేలకు రాసుకుంటూ చప్పుడు చేసింది. బెంచీల మీది కళ్ళన్నీ ఆయన కాలి మీదే ఉన్నాయి. ఇంట్లో అద్దాన్ని తిప్పించినవాడికి ఇక్కడ తిప్పించడానికి ఏమీ లేదు. సగం దూరంలో గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. వెనక్కి చూస్తే ఆవిడ బెంచీ మీదే కూర్చుని ఉంది. సాయం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. మళ్ళీ నడిచాడు.

అమ్మాయి మెడపట్టీకి కన్నాలు వేస్తోంది. గుమ్మంలో ఆయన్ని చూసి గబగబా కుర్చీ లాగింది. మేస్త్రి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మొదట్నుంచి, ఏదీ దాచకుండా. ఆ అమ్మాయి వింటూ వింటూ చేతిలో పని కింద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, జాలితో కాదు.

"నేను వంగకూడదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మీకు అర్థమైందా లేదా?"

"అయింది. నువ్వు చిన్నపిల్లవనుకున్నాను."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

"నీ అంత పనిమంతురాలిని చూడలేదనుకుంటున్నాను," అన్నాడు మేస్త్రి. ఇంకొకరి పని గురించి జీవితంలో మొదటిసారి ఆ మాట అంటున్నాడు కాబట్టి సాఫీగా రాలేదు, మధ్యలో దగ్గాడు. "నన్ను క్షమించమ్మా."

ఆ అమ్మాయి క్షమించాననలేదు. కుర్చీ చూపించింది. "కూర్చోండి. కాలు ఇలా పెట్టండి. ఈసారి బూటు మీరే చేసుకోవాలి, బ్రేస్‌కు తగ్గట్టు. బూటుకు తగ్గట్టు బ్రేస్ కాదు. ఒప్పుకుంటేనే అచ్చు తీస్తాను."

ఒప్పుకున్నాడు. కొత్త బ్రేస్ వచ్చాక దాన్నే పాదమనుకుని కొయ్య అచ్చు చెక్కాడు. కుడిది ఒక సైజు, ఎడమది రెండు సైజులు పెద్ద, ఒకే తోలు, ఒకే కుట్టు. అంత అసహ్యమైన జత తన జన్మలో చెయ్యలేదని ఆయన ఇప్పటికీ అంటాడు. వేసుకుని ఇరవై రెండు అడుగులూ నడిచి బల్ల దగ్గర కూర్చున్నరోజు ఆ మాట అనడానికి తీరిక దొరకలేదు, ఏడుపొచ్చింది. మూడు నెలల తర్వాత డాక్టరు వరండాలో నడిపించి చూసి, ఇప్పటికి కత్తి అక్కర్లేదన్నాడు. బావమరిది ఆ 'ఇప్పటికి' అన్న మాటను గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

ఆవిడ పిండికట్టు ఈలోపే విప్పారు. ఎముక అతికింది గానీ మణికట్టు పూర్తిగా తిరగదు. ఇక అంతేనన్నారు. దానికి బ్రేసూ లేదు, ఆపరేషన్ చేసినా పెద్ద లాభం లేదు.

మేస్త్రి ఎడమ చేతికి పట్టు చాలదు కాబట్టి రోజూ పొద్దున్న పట్టీలు బిగించేది ఆవిడే. నేల మీద కూర్చుని, ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు తిరగని చోట మోచేతిని మొత్తం తిప్పి ఒక్కో పట్టీ లాగుతుంది. ఆయన ఆ చేతినే చూస్తూ ఉంటాడు. నోటికి పక్షవాతం రాని మనిషి, ఆ మూడు పట్టీలు బిగిసేదాకా ఒక్క మాట మాట్లాడడు.

"గట్టిగా ఉందా?" అంటుంది ఆవిడ.

"ఉంది."

"అయితే లేవండి, నాకు అవతల పనుంది."

ఆవిడ లేవడానికి ఆయన చెయ్యి అందిస్తాడు. ఆవిడ మంచం కోడు పట్టుకుని లేస్తుంది.